గాలి కట్టిన గుట్టలు: సంక్రాంతి సెలవుల్లో పులికాట్ ప్రయాణం



సంక్రాంతి సెలవులు ఇవ్వగానే మన శాలిబండ, లాల్‌దర్వాజా, అలియాబాద్ వీధుల్లోంచి ఎన్నో కుటుంబాలు ఊరి దారి పడతాయి. ఈసారి రెండు మూడు రోజులు మిగిలితే గాలి, నీరు, ఇసుక కలిసి నేలను ఎలా మారుస్తాయో పిల్లలకు కళ్లారా చూపించండి. అందుకు మంచి చోటు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులో ఉన్న పులికాట్. ప్రళయకావేరి అన్నది దీని పాత పేరు. మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సుగా దీన్ని చెబుతారు.

దారిలోనే మొదలయ్యే పాఠం

ఇక్కడి నుంచి సూళ్లూరుపేట సుమారు 550 కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దాకా విజయవాడ హైవే, అక్కడి నుంచి మిర్యాలగూడ, అద్దంకి మీదుగా చెన్నై హైవే. పండుగ ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు బారులు తీరతాయి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరండి. రాత్రికి నెల్లూరులో ఆగితే పిల్లలు అలసిపోరు.

వాడపల్లి దగ్గర కృష్ణా వంతెన వచ్చినప్పుడు పిల్లలను నిద్ర లేపండి. మన పాతబస్తీ పక్కన పారే మూసీ కృష్ణలో కలిసేది ఆ ఊరి దగ్గరే. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ అలాంటి రాయి పగిలి, నలిగి, చివరికి గట్టి క్వార్ట్జ్ రేణువులు మిగులుతాయి. నదులు వాటిని సముద్రానికి మోస్తాయి, అలలు ఒడ్డుకు చేరుస్తాయి. తీరంలో కాళ్ల కింద ఉండే ఇసుకలో ఎక్కువ భాగం అలా వచ్చిందే.

గుట్ట ఎలా పుడుతుంది?

పులికాట్‌కూ బంగాళాఖాతానికీ మధ్య పొడవైన ఇసుక గోడలా నిలిచింది శ్రీహరికోట దీవి. 1980లో రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిన ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ ఎగిరింది ఈ ఇసుక దీవి మీద నుంచే.

అలలు తెచ్చిన ఇసుక ఎండిపోయాక గాలి పని మొదలవుతుంది. గాలి వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు దాటితే పొడి ఇసుక కదులుతుంది. రేణువులు పక్షుల్లా ఎగిరిపోవు, గెంతుతాయి. ఒక రేణువు ఎగిరి పడి మరికొన్నిటిని లేపుతుంది. అందుకే గాలి రోజున ఇసుక ముఖానికి కాక ఎక్కువగా మడమలకు, పిక్కలకు తగులుతుంది. దారిలో ఒక మొక్క అడ్డు వస్తే గాలి వేగం తగ్గి, ఇసుక దాని వెనక కుప్పగా పడుతుంది. కుప్ప పెరిగిన కొద్దీ మరింత ఇసుకను ఆపుతుంది. గుట్టకు గాలి వచ్చే వైపు వాలు మెల్లగా, అవతలి వైపు నిటారుగా ఉంటుంది.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక ప్రయోగం చేయించండి. పళ్లెంలో బొంబాయి రవ్వను ఒకే చోట సన్నగా పోయమనండి. కుప్ప ఎత్తు పెరుగుతుంది కానీ కొంత దాటాక వాలు నిటారు కాదు, పక్కలకు జారిపోతుంది. పొడి ఇసుకకు ఆ హద్దు సుమారు 34 డిగ్రీలు. గుట్ట అవతలి వాలు దగ్గర పిల్లలు అదే కోణాన్ని గుర్తుపడతారు.

తీరంలో ఏం చూడాలి?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే సాగుతుంది. జనవరిలో నీరు ఉంటే ఇరువైపులా రాజహంసలు కనిపిస్తాయి. దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. దీవిలోకి అనుమతి లేనిదే వెళ్లలేరు. అలలూ ఇసుకా చూడాలంటే వాకాడు మండలం తూపిలిపాలెం తీరానికి వెళ్లవచ్చు.

ఇసుక మీద రావణాసురుడి మీసాలు అనే గడ్డిని వెతకమనండి. ముళ్ల బంతుల్లాంటి దాని గింజల గుత్తులు గాలికి దొర్లుకుంటూ పోయి కొత్త చోట మొలుస్తాయి. దాని వేళ్లే ఇసుకను పట్టి ఉంచుతాయి.

ఊళ్ల పేర్లూ పాఠాలే. తిప్ప అంటే మెరక, ఇసుక దిబ్బ. దొరువు అంటే ఇసుకలో తవ్విన మంచినీటి గుంట. వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. అందుకే సముద్రం పక్కనే తియ్యటి నీళ్లు దొరుకుతాయి. అటకానితిప్ప, రాయదొరువు అని బోర్డులు కనిపించినప్పుడు ఈ మాట చెప్పండి.

ఇసుకతోనే చిక్కు

సరస్సును కాపాడే ఇసుకే దాని ఊపిరి ఆపగలదు. సముద్రపు నీరు లోపలికి వచ్చే దారిని ముఖద్వారం అంటారు. అలలూ తీరపు ప్రవాహాలూ అక్కడ ఇసుకను పేరుస్తాయి. స్వర్ణముఖి, కాళంగి నదుల వరద బలంగా వస్తే దారి తెరుచుకుంటుంది, లేకపోతే పూడిపోతుంది. అప్పుడు చేప పిల్లలు, రొయ్య పిల్లలు లోపలికి రాలేవు. వేసవికి ఉత్తర భాగం చాలావరకు ఎండి బీటలు వారుతుంది. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిక చుట్టుపక్కల మత్స్యకారులకు ఏళ్ల నాటి గోడు. వలలు సర్దుకుంటున్న వారు కనిపిస్తే, వారికి తీరికుంటే, ఈ ఏడాది వేట ఎలా ఉందని పిల్లలనే అడగనివ్వండి. పుస్తకంలో దొరకని జవాబు వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

• ముఖద్వారం దగ్గర నీటి లాగుడు ఎక్కువ. అక్కడ ఎవరూ నీళ్లలోకి దిగవద్దు.
• ఇసుక వాలులో లోతైన గుంటలు, సొరంగాలు తవ్వనివ్వకండి. ఇసుక క్షణంలో కూలి మనిషిని కప్పేయగలదు.
• ఇసుక మీద కారు నడపవద్దు. చక్రాలు కూరుకుపోతాయి, గడ్డి వేళ్లు తెగుతాయి.
• ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత తిరగండి. కళ్లద్దాలు, టోపీ, సరిపడా నీళ్లు తీసుకెళ్లండి.
• రాజహంసలను ఫొటో కోసం లేపవద్దు. బైనాక్యులర్ ఉంటే చాలు.

తిరిగి వచ్చేటప్పుడు పిల్లలు ఒక చిన్న పట్టిక రాసుకోవాలి: గాలి ఏ వైపు నుంచి వీచింది, గుట్టకు ఏ వైపు నిటారుగా ఉంది, ఏ మొక్క ఇసుకను ఆపింది. సెలవుల తర్వాత ఆ కాగితాన్ని సైన్స్ టీచర్‌కు చూపించమనండి.