షేక్‌పేట సరాయి నుండి చౌటుప్పల్ దాకా

ఫిల్మ్‌నగర్ గుట్ట దిగి షేక్‌పేట వైపు నడిస్తే కుతుబ్‌షాహీల కాలంనాటి ఒక సరాయి కనిపిస్తుంది. రెండంతస్తుల కట్టడం, కమానుల వెనుక వరుసగా గదులు, పశువులకు చావళ్లు, పక్కనే మస్జిదు. బిడారులు గోల్కొండకు వస్తూ పోతూ ఇక్కడ విడిది చేసేవి. ఎగువన జూబిలీహిల్స్ బంగళాలు, చిత్రనిర్మాణ సంస్థల కార్యాలయాలు వెలిసిన తరువాత దీనివైపు తలతిప్పి చూచేవారు తగ్గిపోయారు.

మా మిత్రుడు ముప్పై ఏళ్లు సినిమావాళ్లకు దుస్తులు కుట్టిన దర్జీ. నవాబుల షేర్వానీలు, బిడారు వర్తకుల అంగరఖాలు ఎన్ని కుట్టారో లెక్కలేదు. కాని ఇంటికి పావుగంట నడకలో ఉన్న అసలు సరాయిలో ఏనాడూ కాలుపెట్టలేదు. “ఏదో సెట్టింగు అనుకున్నాను, భాయ్‌సాబ్” అని నవ్వారు. ఆ నవ్వు విని చాలా కాలమైంది. నిరుడు భార్య మరణించింది మొదలు ఆయన ఇల్లు, మస్జిదు తప్ప మరోచోటికి కదలలేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. “చాచా, అబ్బాను ఎక్కడికైనా తీసుకువెళ్లండి” అని ఆయన కుమార్తె మమ్మల్ని అడిగింది. కారులో తిప్పితే ఆయన కిటికీలోంచి చూస్తూ మౌనంగానే ఉంటారని మాకు తెలుసు. అందుకే నడకను ఎంచుకున్నాము.

బాట వెదకనవసరం లేకపోయింది. గోల్కొండ నుండి మచిలీపట్నం రేవుకు పోయే పాత మార్గం ఉండనే ఉంది. వజ్రాలు, కలంకారీ వస్త్రాలు ఆ దారినే సాగాయి. హజ్ యాత్రికులు ఆ దారినే రేవు చేరి ఓడలెక్కారు. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి దాదాపు అదే దిక్కుగా పోతుంది. నాలుగు రోజులలో చౌటుప్పల్ చేరాలని అనుకొని, ఒక జనవరి ఉదయం ఫజ్ర్ నమాజు చేసి సరాయి ముందునుండి బయలుదేరాము.

ఏడు గుంబజుల వద్ద కాసేపు ఆగాము. ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చి, ఈ సమాధుల దగ్గర సాయంత్రం వేళ వచ్చిన పేదలందరికీ రొట్టె, పులావు పంచేవారని వ్రాశాడు. బంజారా దర్వాజాగుండా కోటలోకి ప్రవేశించి, ఫతే దర్వాజా వెంట బయటపడి కార్వాన్ చేరాము. పేరులోనే బిడారు ఉన్న పేట అది. అక్కడి టోలీ మస్జిదును 1671లో మూసాఖాన్ కట్టించాడు. మక్కా మస్జిదు నిర్మాణానికి ఖర్చయిన ప్రతి రూపాయికి అతనికి ఒక దమ్మిడీ దక్కేదని, ఆ దమ్మిడీలు కూడబెట్టి దీనిని కట్టించాడని స్థానికులు చెప్పుకుంటారు. అందుకే దమ్‌డీ మస్జిదు అనే పేరు కూడా ఉంది. మా మిత్రుడు జేబులోనుండి కొలతల టేపు తీసి ఒక కమాను అంచు కొలిచారు. ఎందుకని అడగలేదు. దాదాపు ఏడాది తరువాత ఆయన చేతిలో టేపు చూచాము, అంతే చాలనిపించింది.

1578లో కట్టిన పురానాపూల్ మీద ఇప్పుడు కూరగాయల బేరాలు. ఆ రాత్రి పాతబస్తీలో బంధువుల ఇంట బస చేశాము.

రెండవ రోజు చెప్పుకోదగినది కాదు. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, అంతా హారన్ల మోత. చెవులకు రుమాలు చుట్టుకొని నడిచాము. రహదారి మీద నడవదలచినవారికి ఒక్క మాట: ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపునే నడవండి.

హయాత్‌నగర్ చేరేసరికి అస్ర్ వేళ దాటబోతున్నది. మహమ్మద్ కులీ కుమార్తె, సుల్తాన్ మహమ్మద్ భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరుమీద వెలసిన ఊరు ఇది. మస్జిదు చుట్టూ సరాయి గదుల వరుసలు, సమీపంలో హాథీ బావ్‌డీ అనే పెద్ద బావి. నమాజు ముగిసిన తరువాత మిత్రుడు ఇమాము గారిని ఒక ప్రశ్న అడిగారు. “రెండు రోజులుగా నడుస్తున్నాము మౌలానా. ముసాఫిర్లమే కదా? ఇషాలో రెండు రకాతులు చదవవచ్చునా?”

అన్నిసా సూరా 101వ ఆయతు ప్రయాణికునికి నమాజు తగ్గించుకొనే సౌలభ్యం ఇచ్చిన సంగతి పాఠకులకు తెలిసినదే. హనఫీ ఫిఖ్హ్‌లో మూడు దినాల నడకదూరం ప్రమాణం. దానిని 48 మైళ్లుగా, అంటే దాదాపు 77 కిలోమీటర్లుగా లెక్కిస్తారు. ఆ లెక్క ఊరి కట్టడాలు దాటిన చోట మొదలవుతుంది. ఇమాము గారు మా గమ్యం అడిగి మెల్లగా నవ్వారు. “మీరింకా ఊరు దాటలేదు. చౌటుప్పల్ అంత దూరమూ లేదు. నాలుగు రకాతులూ చదవండి.”

మిత్రుడు చాలాసేపు దీనిని గూర్చే మాట్లాడారు. “రెండు రోజులు నడిచి ఇంట్లోనే ఉన్నామా!” అని మళ్లీ మళ్లీ అన్నారు. మాకూ అది వింతగానే తోచింది. ఆనాడు గోల్కొండ దాటగానే బాటసారి అయిపోయిన మనిషి, ఈనాడు అదే కాళ్లతో రెండు రోజులు నడిచినా ఊరివాడే.

మూడవ రోజు పెద్దఅంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు దాటాము. అబ్దుల్లాపూర్‌మెట్ తరువాత మెల్లగా పొలాలు మొదలయ్యాయి. దారిలోనే రామోజీ ఫిల్మ్‌సిటీ ద్వారం. 1996లో వెలసిన ఆ చిత్రనగరికి ఆయన కుట్టిన దుస్తులు మూటలు మూటలుగా వెళ్లాయట. ద్వారం ముందు క్షణం నిలిచి ముందుకు సాగారు.

మధ్యాహ్నం ఒక వేపచెట్టు కింద రొట్టెల మూట విప్పాము. అప్పుడు, మేము ఏమీ అడగకుండానే, ఆయన మాట్లాడారు. “నేను కుట్టిన ప్రతి షేర్వానీకి కాజాలు తీసింది ఆమే. రాత్రి రెండింటి దాకా దీపం దగ్గర కూర్చునేది. సినిమా చివర పేర్లలో నా పేరే వేయరు, ఇక ఆమె పేరెవరు వేస్తారు?” తరువాత తలవంచుకొని ఏడ్చారు. మేము నీళ్ల సీసా అందించి పక్కన కూర్చున్నాము. జుహ్ర్ అక్కడే చేశాము, నాలుగు రకాతులూ.

ఆ రాత్రి ఒక పల్లె మస్జిదు పెద్దలు చోటిచ్చారు. నాలుగవ రోజు మధ్యాహ్నం బొబ్బలెక్కిన పాదాలతో చౌటుప్పల్ చేరాము. తిరుగు బస్సులో మూడు రోజుల నడక కిటికీ పక్కన చకచకా వెనక్కు జారిపోయింది. మిత్రుడు నిద్రపోయారు.

పది రోజుల తరువాత ఆయన ఇంటికి వెళితే మిషను మీద దుప్పటి లేదు. భుజానికి తగిలించుకొనే ఖాదీ సంచులు రెండు కుడుతున్నారు. తలెత్తకుండానే, “వచ్చే శీతాకాలం సూర్యాపేట భాయ్‌సాబ్. ఇంటి గడపలోనే నియ్యత్ చేద్దాం. అంబర్‌పేట దాటగానే రెండు రకాతులు” అన్నారు.