మైలుతుత్తం లెక్క: నాచుకు ఎంత రాగి తిండి, ఎంత విషం?

తాగునీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన ఐఎస్ 10500 ప్రమాణం ఇంకా గట్టిది: 0.05 లోపు ఉంటే మంచిది, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఫరవాలేదు. అదే రాగిని ప్రయోగశాలలో పచ్చ నాచుకు తగిలిస్తే, లీటరుకు కొన్ని పదుల మైక్రోగ్రాములకే దాని ఎదుగుదల కుంటుపడుతుంది. మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. మనిషి నిక్షేపంగా తాగే నీళ్లలో నాచు బతకలేకపోవచ్చన్నమాట. చెరువుల్లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడకమంతా ఈ తేడా మీదే నడుస్తోంది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన మూర్, కెల్లర్‌మన్ 1904లోనే తాగునీటి వనరుల్లో నాచు పోవడానికి మైలుతుత్తాన్ని సూచించారు.

కుంటుపడటాన్ని కొలిచే పరీక్షకు 72 గంటలు పడుతుంది. ఎక్కువగా వాడేది నెలవంక ఆకారంలో ఉండే ఒక మంచినీటి నాచు. 1959లో నార్వేలోని నిటెల్వా నదిలో దొరికిన జాతి. విషం కలపని సీసాలో అది మూడు రోజుల్లో కనీసం 16 రెట్లు పెరగాలి, లేకుంటే ఆ పరీక్షే చెల్లదు. మిల్లీలీటరుకు 10,000 కణాలతో మొదలైతే 1,60,000 కావాలి. రాగి వల్ల ఎదుగుదల వేగం సగానికి పడిపోయిందనుకుందాం. చివరికి 80,000 కణాలుంటాయని అనిపిస్తుంది కానీ, ఉండేవి 40,000. నాలుగుసార్లు రెట్టింపు కావలసినవి రెండుసార్లే అయ్యాయి మరి. నివేదికల్లో ‘50 శాతం నిరోధం’ అని కనిపిస్తే, అది వేగానిదా, చివరి కణాల సంఖ్యదా అని అడగాలి.

విచిత్రమేమిటంటే రాగి లేకపోయినా నాచుకు కష్టమే. కిరణజన్య సంయోగక్రియలో ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోసయనిన్ అనే ప్రోటీన్‌కు అణువుకొక రాగి పరమాణువు కావాలి. రాగి కరువైతే క్లామిడోమోనాస్ అనే పచ్చ నాచు ఇనుముతో పనిచేసే మరో ప్రోటీన్‌ను తయారుచేసుకుని నెట్టుకొస్తుంది. రాగి మితిమీరితే కథ తిరగబడుతుంది. కణపొర దెబ్బతిని లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. ఎంజైముల్లోని గంధకపు పట్టులను రాగి ఆక్రమిస్తుంది. కణాన్ని లోపలినుంచి కాల్చే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. కొన్ని జాతుల్లో ముందుగా ఆగేది కణ విభజనే. కిరణజన్య సంయోగక్రియ ఇంకా నడుస్తూనే ఉంటుంది. నీళ్లు పచ్చగా ఉన్నాయి కదా అని నాచు బాగుందనుకోవడానికి లేదు.

కాడ్మియం, పాదరసం సంగతి వేరు. వాటితో నాచుకు దాదాపు అవసరమే లేదు. పాదరసం పత్రహరితం నడుమనున్న మెగ్నీషియాన్ని నెట్టేసి ఆ చోట కూర్చుంటుంది. ఒక్క వింత మినహాయింపు: థలాసియోసైరా అనే సముద్రపు నాచు (డయాటమ్) జింకు దొరకనప్పుడు కాడ్మియంతోనే ఒక ఎంజైమును నడుపుతుంది.

అసలు చిక్కు నీటిలో ఉంది. రాగి మొత్తం ఎంతుందన్నది ముఖ్యం కాదు, దేనికీ అతుక్కోకుండా విడిగా తిరిగే అయాన్లు ఎన్ని అన్నదే ముఖ్యం. సముద్ర ఉపరితల జలాల్లో సాధారణంగా 99 శాతానికి పైగా రాగిని సేంద్రియ పదార్థాలు పట్టి ఉంచుతాయి. విడి రాగి లీటరుకు సుమారు 0.00006 మైక్రోగ్రాములు దాటగానే సముద్రపు నీలి ఆకుపచ్చ నాచు వృద్ధి తగ్గుతుందని బ్రాండ్, సుండా, గిల్లార్డ్ 1986లో చూపించారు. డయాటమ్‌లు అంతకంటే చాలా ఎక్కువ తట్టుకున్నాయి.

చేపల చెరువులో ఆ పట్టు పట్టేవాటిలో ముఖ్యమైనవి కార్బొనేట్లు. మైలుతుత్తం మోతాదు సూత్రం అందుకే ఆల్కలినిటీ (నీటి క్షారత, లీటరుకు మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ లెక్కన) మీద ఆధారపడుతుంది: ఆల్కలినిటీని 100తో భాగిస్తే లీటరుకు మిల్లీగ్రాముల మైలుతుత్తం వస్తుంది. ఎకరం చెరువు, సగటున మీటరున్నర లోతు, అంటే సుమారు 6,070 ఘనపు మీటర్ల నీరు. ఆల్కలినిటీ 100 ఉంటే 6 కిలోలు, 200 ఉంటే 12 కిలోలు. అందులో రాగి పావు వంతే, కచ్చితంగా చెప్పాలంటే 25.5 శాతం. 200 ఉన్న చెరువు లెక్కను పక్కవారు 50 ఉన్న చెరువులో వాడితే నాలుగింతల మోతాదు పడుతుంది. అప్పుడు చచ్చేది నాచు ఒక్కటే కాదు, చేపలు కూడా.

సరిగ్గా చల్లినా గండం గడిచినట్టు కాదు. చచ్చిన నాచు కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది. అమెరికాలోని ఫెయిర్‌మాంట్ సరస్సుల్లో 58 ఏళ్లు మైలుతుత్తం వాడి చూస్తే, బురదలో రాగి పేరుకుంది, మోతాదు పెంచాల్సివచ్చింది, పచ్చ నాచు పోయి నీలి ఆకుపచ్చ నాచు పైచేయి సాధించింది. సముద్రంలో రాగికి ఎక్కువ లొంగే వర్గమే ఇక్కడ గెలిచింది. తట్టుకోగల జాతులు మిగిలితే చాలు కాబోలు. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో, తాగునీటి జలాశయంలో నాచుకు మైలుతుత్తం వేసిన కొద్ది రోజులకే 148 మంది జబ్బుపడ్డారు. వారిలో అత్యధికులు పిల్లలే. పగిలిన నాచు కణాల నుంచి విషం నీటిలోకి వచ్చిందన్నది తరువాతి పరిశోధనలు చూపిన కారణం.

చెరువున్నవారికి ఒక్క మాట: మైలుతుత్తం కొనేముందు ఆల్కలినిటీ పరీక్ష చేయించండి. అది 50 లోపుంటే సంచి విప్పకండి. ఆ నీరు తాగేవారుంటే అసలు ముట్టుకోకండి.