మీకు తెలుసా? అరచేతి చెమటకూ వైద్యం ఉంది

ఇబ్రహీంపట్నంలో మే నెల ఎండకు చెమట పట్టడం మామూలే. డిసెంబరు చలిలోనూ అరచేతులు తడిసి, పరీక్ష కాగితం చెమ్మగిల్లి, రేషన్ షాపులో వేలిముద్ర సరిగా పడక అవస్థ పడేవారి సంగతి వేరు. దాన్ని పిరికితనమని ఎగతాళి చేయడం అన్యాయం. చెమట గ్రంథులకు నరాల నుంచి అవసరానికి మించి సంకేతాలు అందే ఈ స్థితిని వైద్యులు హైపర్‌హైడ్రోసిస్ అంటారు.

మొదటి మందు అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం. రాత్రి పడుకోబోయే ముందు పూర్తిగా ఆరిన చర్మానికి రాసి, పొద్దున కడిగేయాలి. తడి మీద రాస్తే మంట పుడుతుంది. లొంగకపోతే అయాంటోఫోరెసిస్: నీళ్ల పళ్లెంలో చేతులుంచి 20 నుంచి 30 నిమిషాలు స్వల్ప విద్యుత్తు పంపుతారు. గర్భిణులకు, పేస్‌మేకర్ ఉన్నవారికి ఇది కూడదు. చంకల చెమటకు బోటాక్స్ ఇంజెక్షన్‌ను అమెరికా 2004లో ఆమోదించింది. కొన్ని నెలలకు మళ్లీ వేయించుకోవాలి. గ్లైకోపైరోలేట్ మాత్రలతో నోరు ఎండిపోవచ్చు. ఛాతీలోని నరాన్ని కత్తిరించే ఆపరేషన్‌కు మాత్రం తొందరపడకండి. చేతులు ఆరినా వీపు, పొట్ట, తొడల మీద చెమట పెరగవచ్చు, అది జీవితాంతం ఉండిపోవచ్చు.

ఈ చెమట పెద్దయ్యాక ఉన్నట్టుండి మొదలైనా, నిద్రలో చెమటకు బట్టలు తడిసినా ముందు థైరాయిడ్, షుగరు, క్షయ ఉన్నాయేమో చూపించుకోవాలి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగాలున్నాయి.