అడగడం వేరు, ప్రశ్నించడం వేరు

ఆస్క్, క్వశ్చన్, ఇంటరాగేట్ మూడింటికీ అడగడమనే అర్థమే చెప్పుకుంటాం. అయినా దారి తెలియనివాడు ఎదురైనవాణ్ణి ఆస్క్ చేస్తాడు. చెప్పిన మాట మీద నమ్మకం లేనివాడు క్వశ్చన్ చేస్తాడు. ఇంటరాగేట్ చేసేది పోలీసులు. ఈ తేడా వెనక ఇంగ్లండు చరిత్ర ఉంది. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని గెలిచాక దొరల ఇళ్లలో, న్యాయస్థానాల్లో ఫ్రెంచి నడిచింది. చర్చికీ చదువుకీ లాటిన్. పొలంలో, పల్లెలో పాత ఇంగ్లీషే నిలిచింది. తర్వాత మూడూ ఒకే భాషలో కలిసిపోయినా, చాలా మాటలు తాము తిరిగిన చోటి వాసన పోగొట్టుకోలేదు: ఆస్క్ పాత ఇంగ్లీషు మాట, క్వశ్చన్ ఫ్రెంచిది, ఇంటరాగేట్ లాటిన్‌ది. మనకిది కొత్తేమీ కాదు, అచ్చతెలుగు పక్కనే సంస్కృతం లేదూ! ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తారు గానీ నెత్తురు పరీక్ష చేయరు. కొత్త ఇంటికి గృహప్రవేశం చేసినవాడు కూడా సాయంత్రం ఇంటికే వెళ్తాడు, గృహానికి కాదు. ఇంత చక్కటి చెవి ఉన్న పిల్లల చేత ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు అర్థం చొప్పున బట్టీ పట్టించడం వాళ్లకు చేస్తున్న అన్యాయం.

అలాగని చరిత్రే అన్నీ తేల్చదు. ఫేస్, యూజ్ కూడా ఫ్రెంచి నుంచి వచ్చినవే, వాటికి ఏ దర్పమూ లేదు. టీ స్ట్రాంగ్‌గా ఉంటుంది, కారు పవర్‌ఫుల్‌గా ఉంటుంది. తారుమారు చేస్తే అర్థం తెలుస్తుంది గానీ చెవికి గుచ్చుకుంటుంది. భాషావేత్త హ్యాలిడే ఎత్తి చూపిన జంట ఇది. ఆయన గురువు ఫర్త్ ఒకప్పుడు లాహోరులో ఇంగ్లీషు బోధించినవాడు. మాటను తెలుసుకోవాలంటే అది ఏ మాటల సావాసం చేస్తుందో చూడాలన్నది ఆయన సిద్ధాంతం. నా దృష్టిలో ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఇంతకన్నా పనికొచ్చే సలహా లేదు.

ఎదుటివాడికి అర్థమైతే చాలదా అని అడగవచ్చు. బస్సు వేళ కనుక్కోవడానికి చాలు. మనిషిని గురించి చెప్పేటప్పుడు చాలదు. చైల్డ్‌లైక్ అంటే పసివాడి నిర్మలత్వం, చైల్డిష్ అంటే పెద్దయినా పోని పిల్లచేష్ట. స్లిమ్ అంటే మురిసిపోయే మనిషి స్కిన్నీ అంటే నొచ్చుకుంటాడు. పేరెన్నికగన్న కవి అంటాం, పేరెన్నికగన్న దొంగ అనం. అక్కడ పేరుమోసిన దొంగే కావాలి. ఫేమస్‌కూ నటోరియస్‌కూ మధ్య ఉన్న దూరం అలాంటిదే. నటోరియస్ అంటే ప్రసిద్ధుడు అని రాసుకున్న విద్యార్థి పక్కనే క్రిమినల్ అన్న మాట కూడా రాసుకుంటే, గురువుగారి సన్మానపత్రంలో దాన్ని వాడడు.