తప్పును తెలిపిన ఉద్యోగికి చట్టరక్షణ

పనిచేయు చోటి అక్రమాన్ని పైవారికి తెలిపిన ఉద్యోగికి మన భాషలో మంచి పేరు లేదు. ‘చాడీకోరు’ అన్నదే ముందుగా నోటికి వస్తుంది!

రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనులలోని అవకతవకలను గూర్చి 2002లో ప్రధానమంత్రికి లేఖ వ్రాసి, తన పేరు గుప్తంగా ఉంచవలసిందని కోరారు. లేఖ పేరుతోనే కార్యాలయాలు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన హతులయ్యారు. అది దోపిడీ హత్య అని సి.బి.ఐ. తేల్చినా, రహస్యం నిలుపలేదన్న మచ్చ చెరగలేదు. ఫిర్యాదుదారుల పేర్లను కాపాడే బాధ్యతను 2004లో కేంద్రం ఒక తీర్మానం ద్వారా కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది.

పిమ్మట 2014లో చట్టమే వచ్చింది. ఫిర్యాదు చేసినందుకు ప్రభుత్వోద్యోగిని తొలగించినచో, అది కక్షసాధింపు కాదని తొలగించిన కార్యాలయమే రుజువు చేయవలెను; ఉద్యోగిని తిరిగి పూర్వస్థానంలో నిలుపుమని ఆదేశించవచ్చును. ఫైళ్లన్నీ అధికారి బీరువాలో ఉండగా, వీధిన పడినవాడు సాక్ష్యం ఎక్కడినుండి తేగలడు? చట్టంలో మనము మెచ్చవలసినది ఈ నిబంధననే. అయితే మే 9న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆ చట్టానికి అమలు తేదీని ప్రకటించనే లేదు.

ప్రైవేటు ఉద్యోగికి అదీ వర్తించదు. లిస్టెడ్ కంపెనీలు ఫిర్యాదు మార్గం ఏర్పరచి, ఫిర్యాదు చేసినవారిని వేధింపుల నుండి కాపాడవలెనని 2013 కంపెనీల చట్టం చెప్పుచున్నది. వినేది మాత్రం ఆ కంపెనీ ఆడిట్ కమిటీయే.

కనుక కేంద్రోద్యోగులకు మిగిలినది 2004 తీర్మానమే. ఆకాశరామన్న ఉత్తరాలు అక్కడ చెల్లవు. పేరు, చిరునామా కవరుపై కాక లోపలి ఉత్తరంలో వ్రాయవలెను.