కాంతితో వేసే కుట్టు!

గోడవైపు చూస్తుంటే కంటిముందు దోమ ఎగిరినట్టుంటుంది. చేత్తో తోలినా పోదు. చూపు ఎటు తిప్పితే అటే వస్తుంది. చీకట్లో కంటి కొసన మెరుపు మెరిసినట్టవుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. 'అద్దాలు మార్చాలేమో' అని సరిపెట్టుకుంటారు చాలామంది. ఒక్కోసారి అదే చూపు మీదికి తెస్తుంది.

కంటి లోపలి గోడకు అంటుకుని ఉండే పల్చటి పొర రెటీనా. కెమెరాలో ఫిల్ములాంటిదన్నమాట. దాని ముందు కన్నంతా నిండి ఉండేది విట్రియస్ అనే జెల్లీ. వయసు యాభై దాటాక ఈ జెల్లీ కుంచించుకుని రెటీనా నుంచి విడివడుతుంది. జుట్టు నెరిసినట్టే ఇదీ సహజం. చాలామందికి ఏ ప్రమాదమూ ఉండదు. కొందరిలో మాత్రం విడిపోతూ విడిపోతూ రెటీనాను గుంజుతుంది. పొర చిరుగుతుంది. ఆ చిరుగులోంచి కంట్లోని నీరు వెనక్కి చేరితే... చెమ్మకు గోడమీది కాగితం ఊడినట్టు రెటీనా ఊడివస్తుంది! మైనస్ పవర్ ఎక్కువున్నవారికీ, శుక్లాల ఆపరేషన్ అయినవారికీ, కంటికి దెబ్బ తగిలినవారికీ ఈ ముప్పు ఎక్కువ.

చుట్టూ వాతలు

ఊడకముందే చిరుగును కనిపెడితే లేజర్‌తో అడ్డుకట్ట వేయొచ్చు. చుక్కలమందుతో కంటిపాపను పెద్దది చేసి, మరో మందుతో కంటికి తిమ్మిరెక్కిస్తారు. చిరుగు చుట్టూ వరసలుగా చిన్నచిన్న లేజర్ వాతలు పెడతారు. అవి మచ్చకట్టి రెటీనాను గోడకు అతికించేస్తాయి. కొందరికి కాస్త చురుక్కుమంటుంది, అంతే. నిమిషాల్లో పని పూర్తి. అదేరోజు ఇంటికెళ్లిపోవచ్చు. అతుకు గట్టిపడటానికి మాత్రం రెండు వారాలదాకా పడుతుంది.

ఈ వైద్యానికి దారి చూపింది సూర్యుడే! గ్రహణాన్ని నేరుగా చూసినవారి రెటీనామీద మచ్చలు పడతాయి. ఆ మచ్చే మందెందుకు కాకూడదనుకున్నారు జర్మనీ వైద్యుడు గెర్డ్ మేయర్ ష్వికెరాత్. 1940ల చివర్లో ఎండనే కంట్లోకి పంపి చికిత్స చేశారు. తర్వాత జినాన్ దీపం వచ్చింది. 1960లో లేజర్ పుట్టాక ఆ పని దానికి దక్కింది.

ఆలస్యం చేయొద్దు

లేజర్ చేయించుకున్నా 'దోమలు' వెంటనే పోవు. అది చిరుగు పెద్దది కాకుండా ఆపడానికే. రెటీనా బాగా ఊడిపోయాక లేజర్ ఒక్కటే చాలదు, పెద్ద ఆపరేషన్ కావాలి. అప్పుడు కూడా పోయిన చూపంతా తిరిగొస్తుందన్న భరోసా లేదు. అందుకే ఉన్నట్టుండి నల్లచుక్కలు, మెరుపులు, పక్కనుంచి తెరపడ్డట్టు నీడ... వీటిలో ఏది కనిపించినా అదేరోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చుక్కలమందుకు చూపు కొన్ని గంటలు మసకబారుతుంది కాబట్టి బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లడం మంచిది.