గ్రహణానికీ బిడ్డ తలకీ సంబంధం లేదు

"గ్రహణం నాడు కూరలు తరిగావా? వాకిట్లోకి వచ్చావా?" పుట్టిన బిడ్డ తలలో లోపం ఉందని తెలియగానే బాలింత మంచం చుట్టూ మొదలయ్యే ప్రశ్నలివి. మీరూ ఏదో ఒక ఇంట్లో వినే ఉంటారు. బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం చాలదన్నట్టు, తల్లి దోషిగా కూడా నిలబడాలి!

అసలు జరిగేదేమిటో చూద్దాం. అనెన్సెఫలీ అనే అరుదైన లోపం ఒకటుంది. ఇందులో పుర్రె పైభాగమూ, మెదడులో చాలా భాగమూ ఏర్పడవు. బిడ్డ కడుపులోనే పోవచ్చు. ప్రాణంతో పుట్టినా సాధారణంగా కొన్ని గంటలో, కొన్ని రోజులో బతుకుతుంది. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదు.

పిండం వీపు వెంట మొదట ఒక పలచని పొర ఉంటుంది. తమలపాకు అంచులు రెండూ దగ్గరికి తెచ్చి చుట్టినట్టు, అది గొట్టంలా మూసుకుంటుంది. పైకొస మెదడవుతుంది, మిగిలింది వెన్నుపాము. ఆ పైకొస మూసుకోకపోతే వచ్చేదే ఈ లోపం. గర్భం నిలిచిన 28 రోజుల్లోపే ఇదంతా అయిపోతుంది. అంటే, నెల తప్పిందని మీరు క్యాలెండర్ చూసుకునేసరికి జరగాల్సింది దాదాపు జరిగిపోయిందన్నమాట. ఇక ఏడో నెలలో వచ్చిన గ్రహణానికి ఇందులో పనేముంది? మొదటి నెలలో వచ్చినా, కత్తిపీటకూ బిడ్డ పుర్రెకూ ఏ సంబంధమూ లేదు.

సంబంధం ఉన్నవి వేరు. వంశపారంపర్యం, అదుపులో లేని షుగరు, మూర్ఛకు వాడే కొన్ని మందులు (వాటిని మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుతో మాట్లాడండి), ఫోలిక్ యాసిడ్ చాలకపోవడం. చాలాసార్లు ఫలానా కారణమని తేలదు కూడా.

ఫోలిక్ యాసిడ్ పేరులోనే ఆకు ఉంది. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1941లో దాన్ని పాలకూర నుంచి తీసి ఆ పేరు పెట్టారు. తోటకూర, శనగలు, పెసలు అన్నిట్లోనూ ఉంది. కాకపోతే ఉడికించిన నీళ్లు వంపేస్తే అదీ తూములోకి పోతుంది. అందుకే కూరతో సరిపెట్టుకోకుండా, బిడ్డను కనాలనుకున్న నెల ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలి, మూడో నెల నిండేదాకా. మనవాళ్లు చాలామంది మూడో నెలలో మొదలుపెడతారు! మిగతా వాటికి పనికొస్తుందేమో గానీ, ఈ లోపానికి అప్పటికే ఆలస్యం.

11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగులో ఈ లోపం చాలావరకు కనబడుతుంది. ఇలాంటి తీవ్ర లోపమని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే, 2021 చట్ట సవరణ ప్రకారం 24 వారాలు దాటాక కూడా గర్భం తీయించుకోవచ్చు. తీయించుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం, చుట్టాలది కాదు.

ఒకసారి ఇలా జరిగిన తల్లికి మళ్లీ జరిగే అవకాశం నూటికి రెండు మూడు మాత్రమే. అలాంటి తల్లులకు రోజూ 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ ముప్పు 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరిశోధనలో తేలింది. ఈ మోతాదు డాక్టరే రాయాలి. వెళ్లేటప్పుడు పాత స్కానింగు కాగితాలు పట్టుకెళ్లండి. వీలైతే అత్తగారినీ వెంటబెట్టుకెళ్లండి, గ్రహణం సంగతి ఆవిడే డాక్టరుగారిని అడుగుతారు.